ఓజెల్ పిగ్‌ఫోర్డ్ ఒప్పుకోని ఒకే ఒక్క తప్పు

అమెరికాలోని మెంఫిస్ నగరం దక్షిణపు వాడలో ఎవరి కాలు ఎవరు తొక్కినా క్షమాపణ చెప్పేది మాత్రం ఓజెల్ పిగ్‌ఫోర్డ్. "నాదే తప్పు" అనడం ఆయనకు ఊపిరి పీల్చినంత అలవాటు. చర్చి వాళ్ల వనభోజనంలో వాన కురిస్తే, "నాదే తప్పు. ఇవాళే బూట్లు పాలిష్ చేయించాను" అన్నాడు. మంగలి షాపులో ఎవడో తుమ్మి సగం మీసం పోగొట్టుకుంటే, "నాదే తప్పు, తలుపు గట్టిగా తీశాను" అన్నాడు.

"పెళ్లిరోజున పాస్టరుగారు 'ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా?' అంటే, 'స్వీకరిస్తున్నానండీ, నాదే తప్పు' అన్నాడు మహానుభావుడు!" అని ఆయన భార్య లూటీ నవ్వి నవ్వి చెప్పేది.

అలాంటి మనిషి వెర్లీన్ మొదటి రికార్డుకు ఆర్గన్ వాయించడానికి వచ్చాడు.

వెర్లీన్ లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ సొంతంగా పాటలు కట్టుకున్న పిల్ల. చర్చిలో పాడటమే తప్ప మైకు ముందు నిలబడి ఎరగదు. శుక్రవారానికి పాటలన్నీ పూర్తికాకపోతే స్టూడియో ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. రికార్డింగు నడిపే క్లేబోర్న్‌కు గొంతు పెద్దది, ఓపిక చిన్నది.

మొదటి పాట సగంలో ఉండగా ఆర్గన్ తోక తొక్కిన పిల్లిలా అరిచింది.

"ఆపండి! ఎవడయ్యా అది?"

"నాదే తప్పు సార్. వేలు జారింది."

"వేళ్లకు వెన్న రాసుకొచ్చావా?"

బ్యాండు వాళ్లు పగలబడి నవ్వారు. మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఓజెల్ మోచెయ్యి తగిలింది. ఆ తర్వాత తుమ్మొచ్చింది. ఇంకోసారి మోకాలికి తిమ్మిరెక్కింది. ఆయన ఒంట్లో ఆర్గన్‌కు తగలని అవయవమే లేకుండా పోయింది.

"ఏం బాబాయ్, చర్చిలో ఒక్క స్వరం తప్పరు, నా పాట దగ్గరే మీకిన్ని రోగాలా?" అని నిలదీసింది వెర్లీన్.

"నాదే తప్పు తల్లీ" అన్నాడాయన.

గురువారం ఆమె ఓపిక చచ్చి క్లేబోర్న్ దగ్గరకు వెళ్లింది. "ఆయనుంటే నా రికార్డు ఈ జన్మకు పూర్తికాదు సార్. ఇంకొకరిని పిలవండి."

శుక్రవారం పొద్దున్నే క్లబ్బులో వాయించే కుర్రవాడు వచ్చాడు. స్వరం తప్పడు. గురువారానికే పడుతూ లేస్తూ మిగతా పాటలన్నీ అయ్యాయి; మిగిలింది ఒక్కటే పాట, పోయిన తల్లి మీద వెర్లీన్ కట్టుకున్నది. రెండో చరణంలో ఆమె గొంతు వణికి మాట జారింది. ఆర్గన్ మాత్రం శుభ్రంగా మోగుతూనే ఉంది.

"వెర్లీన్! అదేం పాటమ్మా?" క్లేబోర్న్ కేక రికార్డింగు గది అద్దం దాటి వినిపించింది. అందరి కళ్లూ ఆమె మీదే. మళ్లీ పాడబోయి మొదటి చరణం కూడా దాటలేకపోయింది.

పాతవాటిలో పనికొచ్చే ముక్క ఏదైనా దొరుకుతుందేమోనని క్లేబోర్న్ టేపులు తిప్పాడు. "విన్నావా, ఆ పాపిష్టి ఆర్గన్!" అని ఆయన తల కొట్టుకుంటున్నాడు. వెర్లీన్‌కు వినిపించింది వేరు. ఒకచోట తను మాట మరిచిపోయింది, మరోచోట శ్రుతి తప్పింది. ప్రతిసారీ తన తడబాటు వెనకే ఆర్గన్ అరుపు. తిట్లు తనదాకా రానే లేదు!

ఆమె పరుగున ఓజెల్ ఇంటికి వెళ్లింది. పెరట్లో ఆయన చేపలు వేయిస్తున్నాడు.

"బాబాయ్, నిజం చెప్పండి. కావాలనే తప్పు వాయించారు కదూ?"

"అబ్బే! నాకు వాయించడం రాదమ్మా. కావాలంటే మీ పిన్నినడుగు."

"నీ మొహం! పద, ముందు ఆ ఏప్రన్ తియ్యి" అని లూటీ ఆయన చేతిలోంచి అట్లకాడ లాక్కుంది.

స్టూడియోలో మళ్లీ అదే పాట. ఆర్గన్ మెత్తగా మొదలైంది. రెండో చరణంలో "అమ్మా" అన్న దగ్గర వెర్లీన్ గొంతు జీరబోయింది. ఆమె చప్పున ఓజెల్ వైపు చూసింది. ఆయన వేలు జారలేదు, తుమ్ము రాలేదు. కళ్లు మూసుకుని, ఆ జీరబోయిన గొంతు కింద ఆర్గన్ స్వరాన్ని మెల్లగా పైకెత్తాడు. ఆమె దాని మీద నిలబడి చివరిదాకా పాడేసింది.

క్లేబోర్న్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఏమయ్యా ఓజెల్, ఒంట్లో బాగుందా? ఒక్క తప్పూ చెయ్యలేదేం?"

"ఇందులో తప్పేం లేదు సార్" అన్నాడు ఓజెల్.

రికార్డు వచ్చాక ఊరంతా ఆ "అమ్మా" దగ్గరికే గ్రామఫోను సూదిని జరిపి మళ్లీ మళ్లీ విన్నది. పిగ్‌ఫోర్డ్ గారింటి రికార్డు మాత్రం నెల తిరక్కుండానే అక్కడ అరిగి గరగరలాడింది.

"ఎవరిది ఈ పని?" అని లూటీ గద్దించింది.

ఓజెల్ పిగ్‌ఫోర్డ్ జీవితంలో మొదటిసారి నోరు మెదపకుండా కిటికీలోంచి బయటికి చూశాడు.