అవ్వ గోలీల టిక్కు

నా ముందు ఎవరైనా దయ్యం కథ ఎత్తుకుంటే, ముందు ఆ ఇంటి వైరింగు చూపించుకోండి అనేదాన్ని. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

కరీంనగర్‌లో ఒక చిన్న కంపెనీలో వెబ్‌పేజీలకు జావాస్క్రిప్ట్ కోడ్ రాసే పని నాది. ఎక్కువగా ఫారాలు, చెక్‌బాక్సులు. పేజీలో కనిపించే టిక్కుకు సొంత బుద్ధంటూ ఉండదు. వెనక కోడ్ గుర్తుపెట్టుకునే స్టేట్‌లో 'అవును' అని ఉంటే కనిపిస్తుంది, 'కాదు' అయితే పోతుంది. ఎవరో ఒకరు నొక్కితేనే మారుతుంది.

బెల్లంపల్లిలో మా నాన్న, మేం బాపు అంటాం, మందులు మరిచిపోతున్నాడని ఫోన్లో ఒక పేజీ చేసిచ్చాను. గోలీ వేసుకోగానే టిక్కు పెట్టాలి, అది నాకిక్కడ కనిపిస్తుంది. ఆయనేమో పొద్దున్నే ఆ రోజు మూడు గోలీలకీ టిక్కులు పెట్టి, గోలీ వేసుకున్నప్పుడల్లా ఒకటి తీసేసేవాడు. నాకు ఒళ్ళు మండేది.

బాపు బొగ్గుబాయిలో, గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే ల్యాంప్‌రూములో పనిచేసి రిటైరైన మనిషి. బాయిలో దిగే ప్రతి ఒక్కరి పేరునా అక్కడ మేకుకు ఒక బిళ్ళ వేలాడేది.

"మేకుకు బిళ్ళ ఉంటే మనిషి పైన ఉన్నట్టు బిడ్డా. లేకుంటే లోపట ఉన్నట్టు. గోలీ లోపటికి పోయినంక బిళ్ళెందుకుంటది?" అన్నాడు.

నేనే ఓడిపోయి, ఆయనకు తగ్గట్టు కోడ్ తిరగరాశాను. నాలుగు నెలలకే బాపు పోయాడు. పేజీని మళ్ళీ మామూలు పద్ధతికి మార్చి అవ్వకు, అంటే మా అమ్మకు, ఇచ్చాను. అవ్వకు షుగర్.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఆ పేజీ తెరిచాను. పొద్దుటి గోలీకి టిక్కు ఉంది. చూస్తుండగానే పోయింది. అవ్వ చెయ్యి తగిలిందేమోనని నేనే పెట్టాను. మళ్ళీ పోయింది. ఇంకోసారి పెట్టాను. అదీ పోయింది.

ఎక్కడో తప్పు రాసుంటానని కోడ్ తెరవబోయాను. అప్పుడు బాపు లెక్క గుర్తొచ్చింది. టిక్కు పోతే గోలీ లోపటికి పోయినట్టు, అంటే అవ్వ మూడు గోలీలు మింగిందా? అవ్వకు చేస్తే ఫోన్ స్విచ్ఛాఫ్. పక్క క్వార్టర్ రాజక్కను పరుగెత్తించాను. షుగర్ పడిపోయి, ఒళ్ళంతా చెమటతో అవ్వ వంటింట్లో పడి ఉందట. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు.

అవ్వ ఫోన్ పొద్దున్నే చార్జింగ్ అయిపోయి ఆగిపోయిందని తర్వాత తెలిసింది. ఎవరు ఎప్పుడు నొక్కారో ఆ పేజీ దానంతటదే రాసుకుంటుంది. నేను పెట్టిన రెండు టిక్కులూ అందులో ఉన్నాయి. తీసినట్టు ఒక్కటీ లేదు. నాకంటే సీనియర్లు ఇద్దరు చూశారు. తప్పేమీ దొరకలేదు.

ఆసుపత్రిలో అవ్వ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. బాపే నాకు చెప్పాడే అవ్వా, అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మీ బాపు నాకు యాదికే రాలే బిడ్డా. లేవరాలే, గొంతు పెగల్లే. మనసులనే నిన్ను మూడుసార్లు పిలిచిన."

ఇదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. టిక్కు ఎన్నిసార్లు పోయిందో నేను అవ్వకు చెప్పనే లేదు.