జవాబొచ్చేదాకా నిలబడ్డ మా ఖాలా

మొన్న ముసురు పట్టిన రోజు పొద్దున పిన్ని వరసతో నేను ఖాలా అని పిలిచే మా పాత పక్కింటామె చిన్న బిడ్డ ఫోన్ చేసింది. "అక్కా, అమ్మీ పోయింది. తెల్లారగట్ల నమాజ్‌కు లేపుదామని పోతే పలుకలేదు. నిద్రలనే పోయినట్టుంది" అన్నది. ఆ పిల్ల ఏడవలేదు. నాకూ వెంటనే ఏడుపు రాలేదు. ముందుగా వచ్చింది నిమ్మళం. నిజం చెప్తున్నాను. ఏడాదిగా ఖాలాకు ఊపిరి సరిగా ఆడడం లేదు. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ పెట్టుకొని కూర్చునే కునుకు తీసేది. పోయిన నెల దవాఖానలో నా చెయ్యి పట్టుకొని, "గిలగిల కొట్టుకోకుంట పోతే చాలు బిడ్డా, ఇంకేం అడుగ" అన్నది. జీవితమంతా ఏదో ఒకటి అడిగిన మనిషి ఆఖరున అడిగింది అదొక్కటే. అది దొరికింది.

మేము హనుమకొండకు మారి కొన్నేళ్ళయింది. ఆటో పట్టుకొని కాశిబుగ్గలో మా పాత గల్లీకి పోయేసరికి వాన జోరందుకుంది. గల్లీ మొదట్లో దిగి, అలవాటు కొద్దీ చీర కుచ్చిళ్ళు పైకి ఎత్తిపట్టాను. ఎత్తాల్సిన అవసరమే లేదు. నేల తడిగా ఉంది, అంతే. మధ్యాహ్నం నమాజ్ తర్వాత ఆ వానలోనే ఖాలా పాడె, వాళ్ళ మాటలో జనాజా, లేచింది. భుజం మార్చుకుంటూ మోసినవాళ్ళలో ఒక్కరి కాలు కూడా జారలేదు. ఒకప్పుడు ఇంత వాన పడితే ఆ గల్లీలోంచి మనిషిని బయటికి తేవాలంటే మోకాళ్ళలోతు నీళ్ళలో నడవాల్సి వచ్చేది. ఇప్పుడు అక్కడ అద్దెకుంటున్న చాలామందికి ఆ సంగతి తెలియదు. తెలియకపోవడమే మంచిదేమో. అయినా ఒక్కసారి చెప్పాలనిపించింది.

నేను కోడలిగా ఆ గల్లీకి వచ్చినప్పుడు మాది ముందు స్టీలు సామాన్ల దుకాణం, వెనక ఇల్లు. ఖాలా వాళ్ళకూ మాకూ మధ్య ఒకటే గోడ. ఆమె జాకెట్లు కుట్టేది. వాళ్ళాయన బండి మీద పండ్లు అమ్మేవాడు. నా మొదటి ఆది జాకెట్టు ఇయ్యబోతే, పంటి కింద గుండుసూదులు పట్టుకొనే నన్ను సవాలక్ష అడిగింది. మీ ఊరేది, మీ అమ్మకు ఎందరు, చేతులు ఇంత పొడుగు ఎందుకు పెట్టించుకుంటవు, ఉక్కపొయ్యదా. మా అత్తమ్మ పులిహోర కలుపుతుంటే గోడవతల నుంచి, "వదినె, ఇంగువ ముందుగాల ఎందుకేస్తవు, ఎన్కకేస్తే ఏమైతది?" అని అడిగేది. బస్సు కండక్టర్‌నూ వదిలేది కాదు, దవాఖానలో డాక్టరునూ వదిలేది కాదు. ఆ అడగడంలో గొడవ ఉండేది కాదు. తెలుసుకోకపోతే ఆమెకు అన్నం సయించదు, అంతే.

"ఎందుకు ఖాలా, ఊకోరాదు" అని ఒకసారి నేను విసుక్కుంటే, "అడిగితే నోరు నొస్తది బిడ్డా. అడగకుంటే ఊరు నొస్తది" అన్నది. ఆ మాట ఎవరి దగ్గర నేర్చుకుందో, తనే కట్టిందో తెలియదు.

మా ఇళ్ళ వెనక నాలా, అంటే పెద్ద మురుగు కాలువ, ఉంది. వానాకాలం వస్తే పొంగి వెనక తలుపుల్లోంచి లోపలికి వచ్చేది. మాకు బియ్యం బస్తాలు తడిసేవి, గోడలు చెమ్మెక్కేవి. ఎదురు వరుసలో నేతపని వాళ్ళకు మాత్రం బతుకే ఆగిపోయేది. వాళ్ళవి గుంట మగ్గాలు. నేసే మనిషి కాళ్ళు పెట్టుకునే గుంట నిండిపోయేది. పడుగు తడిసి, దారాలు ఒకదానికొకటి అతుక్కుపోయేవి. ఒక ఏడు ఎదురింటి పద్మక్క సత్తు గిన్నె పట్టుకొని గుంటలోంచి నీళ్ళు ఎత్తిపోస్తూ, మళ్ళీ నిండుతుంటే మళ్ళీ ఎత్తిపోస్తూ, చివరికి గిన్నె పక్కన పెట్టి గట్టు మీద కూలబడింది. ఖాలా కుట్టుమిషన్ మీంచి లేచి పోయి, ఆ గిన్నె తీసుకొని ఎత్తిపోయడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత కార్పొరేషన్ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్ళకు రిజర్వ్ అయింది. నోరు లేని మనిషి కావాలని వెతికిన నాయకులకు బుర్ఖా వేసుకొని జాకెట్లు కుట్టుకునే ఖాలా కనిపించింది. పాపం, ఆమెతో ఎప్పుడూ మాట్లాడి ఉండరు. గల్లీ మాత్రం ఆమెతో మాట్లాడింది కాబట్టే గెలిపించింది.

వాళ్ళాయన పొద్దున్నే బండి తోలుకొని పోయేవాడు. అందుకని మీటింగులకు నేనే నా స్కూటీ మీద తీసుకుపోయేదాన్ని. చూడడానికి వచ్చినవాళ్ళకు వెనక వేసిన కుర్చీల్లో కూర్చునేదాన్ని. మొదట్లో ఖాలా విని ఊరుకునేది. బడ్జెట్ అంటే ఏంది, పైసలు ఎక్కడినుంచి వస్తయి, ఎవరు ఎక్కడ పెడతరు అని ఆఫీసువాళ్ళను అడిగి తెలుసుకునేది. వాళ్ళూ ఓపికగానే చెప్పేవాళ్ళు. తర్వాత నాలా గోడ సంగతి ఎత్తింది. "చూద్దామమ్మా" అన్నారు. మళ్ళీ ఎత్తింది. ఒక ఏడు బడ్జెట్‌లో గోడకు నిధులు పెట్టారు. గల్లీ అంతా సంబరపడింది. పని మాత్రం మొదలుకాలేదు. మరుసటి ఏడు బడ్జెట్‌లో గోడ మాటే లేదు.

ఆ బడ్జెట్ మీటింగు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఖాలా వంతు రాగానే లేచి, మైకును దగ్గరికి లాక్కుంది.

"సార్, మా నాలా గోడకు పోయినేడు పైసలు పెట్టిన్రు. గోడ రాలే. ఈ యేడు పైసలు గూడ లేవు. ఎటు పొయినయి సార్?"

సభను నడిపిస్తున్న పెద్దాయన మర్యాదగానే చెప్పాడు. "అమ్మా, నిధుల కొరత ఉంది. పని మొదలుకాని చోట పెట్టినవి వేరే అవసరాలకు సర్దాం. వివరాలు రాసి పంపిస్తాం, కూర్చోండి."

"రాసిస్తే నేను చదువుకుంట సార్. మా గల్లీలకొచ్చే నీళ్ళు చదువుకోవు గద."

హాలంతా నవ్వింది. ఆ పెద్దాయనా నవ్వాడు. "సరేనమ్మా, ఇక కూర్చోండి."

"జవాబొచ్చినంక కూసుంట సార్."

పక్క సీట్లో ఉన్న కార్పొరేటరమ్మ ఖాలా బుర్ఖా చెయ్యి పట్టి లాగింది. ఖాలా కదల్లేదు. సభ తర్వాతి విషయానికి పోయింది. వీధి దీపాల గురించి ఎవరో మాట్లాడారు, పార్కు గురించి ఇంకెవరో మాట్లాడారు. ఖాలా నిలబడే ఉంది. మిషన్ తొక్కీ తొక్కీ అరిగిన మోకాళ్ళు ఆమెవి. ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకోవడం వెనక నుంచి నాకు కనిపిస్తూనే ఉంది. చివరికి ఇంజనీరు తన ముందున్న మైకు తీసుకున్నాడు.

"సార్, చెప్పక తప్పేట్టు లేదు. గోడ కట్టాల్సిన జాగాలోకి ఇళ్ళు జరిగి ఉన్నాయి. కాంట్రాక్టరు వచ్చి చూసుకొని తిరిగి పోయాడు. జాగా లేని చోట నిధులు పెట్టి ఏం లాభం?" ఇబ్బందిగానే ఇంకో మాట అన్నాడు. "అట్లా జరిగిన వాటిల్లో మొదటిది మేడమ్ గారి వంటిల్లే."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఖాలా మొహం నాకు కనిపించడం లేదు. మైకు పట్టుకున్న చెయ్యి మాత్రం కనిపిస్తోంది. ఆ చెయ్యి మైకును వదల్లేదు.

"నిజమే సార్" అన్నది. "మా మామ కట్టిండు. నేను కోడలుగ వచ్చేటాళ్ళకే ఉన్నది. అది నాలా జాగ అని నాకెరికే. తీయిస్త. మొదలు నాదే తీయిస్త, ఎన్క అందరికి చెప్త. తీసినంక పైసలిస్తరా ఇయ్యరా? గది చెప్పుండ్రి."

అప్పటిదాకా కాగితాలు చూసుకుంటున్న కమిషనర్ తలెత్తాడు. కొత్తగా వచ్చిన మనిషి. "జాగా ఖాళీ అయితే ఈ ఏడే నిధులు పెడదాం. మినిట్స్‌లో రాయండి" అన్నాడు. ఖాలా "షుక్రియా సార్" అని కూర్చుంది.

ఇంటికి వస్తుంటే దారిలో చెరుకు రసం తాగుదామని స్కూటీ ఆపమంది. "సిగ్గయిందా ఖాలా?" అని నెమ్మదిగా అడిగాను. గ్లాసు సగం ఖాళీ చేసి, మూతి తుడుచుకొని నవ్వింది.

"సిగ్గు కాదు బిడ్డా, నిమ్మళమైంది. గోడ గురించి లేచినప్పుడల్లా ఎవలన్న నా వంటింటి ముచ్చట తీస్తరేమోనని భయముండె. ఇయ్యాల తీసిన్రు. ఇగ దాచేది లేదు, భయం లేదు. నాకు ఇంకో గ్లాసు చెప్పు."

వాళ్ళాయనకు మాత్రం కోపమొచ్చింది. ఆయన నాయన ఇటుక మీద ఇటుక పేర్చి కట్టిన గది అది. కొన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదు. కూలగొట్టడానికి మనుషులు వచ్చిన రోజు వాళ్ళను వాకిట్లోనే ఆపి, "మా అయ్య కట్టిండు, నేనే తీస్త" అని గడ్డపార అందుకున్నాడు. ఖాలా పక్కనే నిలబడి ఒక్కొక్క ఇటుక అందుకొని వరుసగా పెట్టింది. ఆ సాయంత్రం ఇద్దరూ ఆ ఇటుకల మీదే కూర్చొని చాయ్ తాగారు.

గల్లీలో అందరూ ఊరికే ఒప్పుకోలేదు. బర్రెల కొట్టం పోతుందని ఒకాయన ఇంటి మీదికొచ్చి, "నీ కుర్చీ కోసం మా గోడలు కూలగొడ్తవా?" అని అరిచాడు. ఖాలా గొంతు పెంచలేదు. "నాది పోయినంకనే నీ తాన అడుగుతాన అన్నా. నా పొయ్యి ఎక్కడున్నదో జర చూసి మాట్లాడు" అన్నది. ఆయన లోపలికి తొంగి చూశాడు. ఆకాశం కింద రెండు రాళ్ళ మధ్య పొయ్యి మండుతోంది. తర్వాత వారంలో కొట్టం తీసేశాడు. మా వెనక గోడ కూడా కొంత లోపలికి జరగాల్సి వచ్చింది. మా మామయ్య నసిగితే అత్తమ్మ, "ఆమె వంటిల్లే పోంగ మనకు గోడెంత?" అని ఒక్క మాటతో తేల్చేసింది.

వానలు మొదలయ్యాక అత్తమ్మే ఖాలాను మా వంటింట్లో వండుకొమ్మంది. మేము కోమట్లం, మా ఇంట్లో నీసు రాదు. అత్తమ్మ ఆ మాట ఎట్లా చెప్పాలా అని తడబడుతుంటే ఖాలా, "అది గూడ చెప్పాల్నా వదినె, నీసు కూర వండే రోజు నేను వాకిట్లనే వండుకుంట" అని నవ్వేసింది. ఏడాది పైనే ఒక పొయ్యి మీద మా పప్పు, ఇంకో పొయ్యి మీద వాళ్ళ పుల్లటి పప్పు ఖట్టీ దాల్ ఉడికాయి. ఎవరిది బాగుందని ఎవరూ అనలేదు గానీ, మా ఇంట్లో చారు పులుపు పెరిగింది.

కమిషనర్ మాట నిలబెట్టుకున్నాడు. ఒక రోజు తనే వచ్చి, ఖాళీ అయిన జాగా చూసి, పద్మక్క మగ్గం గుంటలోకి దిగి నిలబడి చూసి పోయాడు. నిధులు వచ్చాయి. గోడ సగం లేచేసరికి ఎన్నికలు వచ్చి, రిజర్వేషన్ మారి, ఖాలా మళ్ళీ నిలబడలేకపోయింది. మిగతా సగం ఆగిపోతుందేమోనని మా అందరికీ బెంగ పట్టుకుంది. ఆమె మాత్రం కొత్త కార్పొరేటర్ ఇంటికి మిఠాయి పట్టుకొని పోయి, "అన్నా, ఇగ అడిగేది నువ్వే. నేను ఎన్క కూసొని వింట" అన్నది. అన్నట్టే నాతోపాటు వెనక కుర్చీల్లో కూర్చొని వినేది. ఆయన గోడ సంగతి లేవనెత్తిన రోజు ఆమె మొహం చూడాలి. తన బిడ్డ పరీక్ష పాసైనట్టు వెలిగిపోయింది.

గోడ పూర్తయ్యాక వచ్చిన మొదటి పెద్ద వాన పట్టపగలు పడింది. దుకాణం మూసేసి అందరం వెనక వైపు చేరాం. నాలా ఎర్రగా సుడులు తిరుగుతూ, చెట్ల కొమ్మలూ ప్లాస్టిక్ డబ్బాలూ తోసుకుంటూ పోతోంది. నీళ్ళు పెరిగాయి, ఇంకా పెరిగాయి, గోడ అంచుకు కాస్త కిందికొచ్చి అక్కడే ఆగి పారాయి. ఖాలా గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అట్లాగే ఉంది. ఎదురు వరుసలోంచి పద్మక్క వాళ్ళ మగ్గం చప్పుడు వాన చప్పుడులో కలిసి వినిపిస్తూనే ఉంది.

"ఆకలైతాంది బిడ్డా" అన్నది ఖాలా ఉన్నట్టుండి.

లోపలికి తీసుకొచ్చి బియ్యప్పిండితో సర్వపిండి కాల్చి పెట్టాను. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ కడుపునిండా తిన్నది. చెయ్యి కడుక్కొని, మా వసారాలో మంచం మీద జర నడుము వాలుస్తానంది. నేను గిన్నెలు తోమి వచ్చేసరికి నిద్రపోయింది. ఎన్నో ఏళ్ళు పక్క ఇంట్లో ఉన్నాను గానీ, నీళ్ళొస్తాయన్న భయంతో మేలుకొనే ఉండే ఖాలా వాన పడుతున్నప్పుడు కునుకు తీయగా నేనెన్నడూ చూడలేదు. చూరు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. జల్లు ఆమె పాదాల దాకా వస్తోంది. మంచాన్ని మెల్లగా గోడ వైపు జరిపాను. ఆమె లేవలేదు. నోరు కాస్త తెరుచుకొని, చెయ్యి చెంప కింద పెట్టుకొని, చిన్నగా గురక పెడుతూ, సాయంత్రం దాకా ఆ వానలో అట్లాగే పడుకుంది.