ఆరున్నర టైరుతో పెళ్లిచూపులకు

ఆ రోజుల్లో వరంగల్‌లో టైరు కొనడమంటే దుకాణంలోకి వెళ్లి కావలసినది వేలితో చూపించడం కాదు. దుకాణంలో ఏది ఉందో అదే మన బండికి సరిపోతుందని మనసును ఒప్పించుకోవడం. ఎనభయ్యో దశకం మొదలు అది. మాది కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. మగ్గం దిగిన సరుకును రైల్వే స్టేషన్‌కు చేర్చడానికి బాపు ఒక పాత పికప్ బండి కొన్నాడు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక తెరిచిన తొట్టి. బీకాం పాసై ఖాళీగా తిరుగుతున్న నేను దానికి డ్రైవర్ని (అడిగినవాళ్లకు మాత్రం ‘ట్రాన్స్‌పోర్టు చూసుకుంటున్నా’ అని చెప్పేవాణ్ణి).

సరిగ్గా నాకు పెళ్లిచూపులు కుదిరిన వారంలోనే, నున్నగా అరిగిపోయిన వెనక టైర్లలో ఒకటి ఎనుమాముల మార్కెట్టు ముందు పగిలిపోయింది. ఆ టైర్ల మీద ఆరు–పదహారు అని ఉండేది. ఆరు టైరు వెడల్పు, పదహారు లోపలి ఇనుప చక్రం కొలత, రెండూ అంగుళాల్లో. టైర్ల సేటు దగ్గర ఆ సైజు లేదు, హైదరాబాదు నుంచి రావాలి. ఆరున్నర–పదహారు మాత్రం ఒక జత ఉంది. చక్రం కొలత అదే కనుక ఎక్కుతుందన్నాడాయన. బాపుకు మనసొప్పలేదు. “పాత సైజే వచ్చినంక ఏద్దాంరా. పిల్లను సూడ ఘన్‌పూర్‌కు రైల్ల పోదాం,” అన్నాడు. పెళ్లికొడుకు రైలు దిగి నడిచి వెళ్లడమన్నది నాకు నచ్చలేదు. లావు టైరైతే బరువు బాగా మోస్తుందని, బండి కాస్త ఎత్తు పెరిగి చూడముచ్చటగా ఉంటుందని ఆయనకు చాలాసేపు బోధించాను (బీకాంలో టైర్ల పాఠం లేదని ఆయనకు తెలియదు కదా). టైర్లు ఎక్కాయి. ఖాళీ బండిని చౌరస్తా దాకా తిప్పి తెచ్చాను. చప్పుడు లేదు, కుదుపు లేదు. చివరికి బాపు కూడా టైరును తట్టి మురిసిపోయాడు.

పెళ్లిచూపుల రోజు పొద్దున తొట్టిలో మా జంపఖానాలే పరిచి, అమ్మ, సంబంధం తెచ్చిన మేనత్త, చిన్నబాపులు, చిన్నమ్మలు అందరినీ ఎక్కించాం. బాపు నా పక్కన కూర్చున్నాడు. మడికొండ దాకా బండి సాఫీగా సాగింది. ఆ తర్వాత ఒక గుంతలో దిగగానే వెనక బర్రె అరిచినట్టు చప్పుడైంది. తరువాతి గుంతలోనూ అదే అరుపు, దానికి తోడు కాలిన రబ్బరు వాసన. దిగి చూస్తే సంగతి తెలిసింది. మనుషుల బరువుకు తొట్టి కిందికి కుంగింది. టైరుకూ పైనున్న మడ్‌గార్డుకూ మధ్య వేలు పట్టే సందు లేదు. బండి కుదిపినప్పుడల్లా రెండూ రుద్దుకుంటున్నాయి. అందుకని గుంత కనబడితే ఆపడం, అందరూ దిగి నడవడం, దాటాక మళ్లీ ఎక్కడం. స్టేషన్ ఘన్‌పూర్‌లో అమ్మాయివాళ్ల వీధికి తిరిగేసరికి దారంతా గుంతలే. మేనత్త ఇక ఎక్కనంది. “నువ్వే ఊరేగు అల్లుడా, మేం ఎన్క నడిసొస్తం,” అంది. బాపు కూడా దిగి వాళ్లతో కలిశాడు.

అలా నేను ఖాళీ బండిలో దర్జాగా ముందు, పట్టుచీరల అంచులు ఎత్తి పట్టుకున్న మావాళ్లంతా దుమ్ములో వెనక. అమ్మాయివాళ్లు గుమ్మంలో నిలబడి ఇదంతా చూశారు. సకినాలు, చాయ్ ముందు పెట్టీ పెట్టకముందే అమ్మాయి తాత బాపును అడిగేశాడు.

“పెద్దోళ్లు నడుస్తాండ్రు, పిలగాడు బండ్ల వస్తాండు. మీ ఇంట్ల గిదేం పద్ధతి?”

అమ్మ తల వంచుకుంది. సంబంధం చెడిపోయినట్టేనని నాకు అర్థమైంది. లేచి నిలబడి టైరు కొలతలు చెప్పడం మొదలుపెట్టాను. ఆరు, ఆరున్నర, పదహారు అంటుంటే తాత మొహం ఇంకా ముడుచుకుపోయింది. గత్యంతరం లేక పళ్లెంలోంచి గుండ్రంగా చుట్టిన సకినం ఒకటి తీసి టైరన్నాను, చాయ్ సాసరు మడ్‌గార్డన్నాను, బరువు పడితే ఇట్లా అవుతుందని నొక్కి చూపించాను. సకినం పటుక్కున విరిగి ముక్కలు తాత ఒళ్లో పడ్డాయి. తలుపు వెనక నుంచి ఆపుకోలేని నవ్వు వినిపించింది. ఎవరూ పిలవకుండానే అమ్మాయి బయటికి వచ్చింది.

“తాతా, ఆయనకు మర్యాద లేక కాదు. ఆ బండి ఖాళీగ ఉంటెనే నడుస్తదట. జర కూసోనియ్యి,” అంది.

ముందు మేనత్త నవ్వింది, తరువాత ఒళ్లో ముక్కలు దులుపుకుంటూ తాత కూడా నవ్వాడు. నేను మాత్రం నవ్వలేక కూర్చుండిపోయాను.

తిరుగు ప్రయాణంలో ఎంత బతిమాలినా ఒక్కరూ బండి ఎక్కలేదు. అందరూ ప్యాసింజర్ రైలుకు వెళ్లారు, అమ్మాయి నాన్న సాగనంపడానికి వెంట వెళ్లాడు. నేను ఒంటరిగా బయలుదేరి, బాపుకు ఏమని సంజాయిషీ చెప్పాలో దారి పొడుగునా వల్లెవేసుకున్నాను. ఇంటికి చేరి “బాపూ, ఆ టైర్లు మార్పిస్త” అని మొదలుపెట్టేలోపే అమ్మ నా నోట్లో చక్కెర పోసింది. అమ్మాయికి నేను నచ్చానని వాళ్ల నాన్న ప్లాట్‌ఫారం మీదే చెప్పేశాడట. “టైర్ల ఫికర్ తర్వాత. ముందుగాల లగ్గం దినం సూడాలె,” అన్నాడు బాపు.

ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ సాయంత్రం గుర్తుకొస్తుంది. మడికొండ దగ్గర ఎండ దిగుతుంటే, ఇస్త్రీ చొక్కా నిండా దుమ్ముతో, తనను తాను తిట్టుకుంటూ వస్తున్న ఆ కుర్రవాడు కనిపిస్తాడు. తన పెళ్లి కుదిరిన సంగతి రైల్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు, అతనొక్కడికే తెలియదు. ఆపి చెప్పాలనిపిస్తుంది. మళ్లీ, ఎందుకులే, ఇంకాస్త దూరమేగా, పోనీ అనుకుంటాను.