బండి మీద నడుమ కూర్చోబెట్టి

కల్లు గీసే ఇంట్లో పుట్టాను. అందుకే మెడికల్ కాలేజీ రోజుల్లో ఎముకల వార్డుకి వెళ్ళాలంటే భయమేసేది. తాటిచెట్టు మీద నుంచి పడినవాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. ప్రతి మంచం మీదా మా ఇంటి మనిషే పడుకున్నట్టుండేది నాకు.

ఆ వార్డు ప్రొఫెసర్‌ది ఒకటే చాదస్తం. వెన్ను విరిగిన మనిషి ఇక నడవడన్న మాట వరండాలో చుట్టాల చెవిలో వెయ్యకూడదు. ఆ మనిషికే చెప్పాలి, అదీ నిలబడి కాదు, స్టూలు లాక్కుని పక్కన కూర్చుని. "అబద్ధం చెప్పి పంపితే దాని వెనక జరిగేదంతా నీ నెత్తినే" అనేవారు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఎల్లంతకుంట నుంచి వచ్చిన ఒకాయన దగ్గరికి నన్నే పంపారు. చెప్పాను. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. బయటికొచ్చి ప్రొఫెసర్‌ని మనసులో నానా తిట్లూ తిట్టుకున్నాను.

చదివినదాంట్లో సగం మర్చిపోయాను గానీ, మొదట కోరుట్ల ఆసుపత్రిలో, ఇప్పుడు జగిత్యాలలో, ఆ స్టూలు మాత్రం నన్ను వదల్లేదు.

మా వైపు ఇంకో జాడ్యం ఉంది. చెట్టు మీద నుంచి పడినవాణ్ణి మోటారు సైకిల్ మీద ఇద్దరి నడుమ కూర్చోబెట్టి, తువ్వాలతో కట్టి తెస్తారు. గతుకుల్లో ఆ విరిగిన ఎముక లోపలి నరాన్ని నలిపేస్తుంది. పడుకోబెట్టి ఉంచండ్రా, అంబులెన్స్ వచ్చేదాకా కదపకండ్రా అని ఊరూరా మొత్తుకున్నాను. వింటేగా. అయినవాడు మూలుగుతుంటే మావాళ్ళు ఆగలేరు.

పోయిన ఎండాకాలం అట్లా వచ్చినవాడు మా చిన్నాయన. మా నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. సారంగాపూర్ దగ్గర చెట్టు మీద నడుముకి చుట్టుకున్న మోకు జారింది. ఆయన కొడుకు, మా తమ్ముడే బండి నడిపాడు, పక్కింటాయన వెనక కూర్చుని పట్టుకున్నాడు. పాదాల మీద సూదితో గుచ్చాను. చిన్నాయనకి తెలియలేదు. తమ్ముడి చెంప పగలగొట్టాలనిపించింది నాకు.

స్కాన్ చూసి వస్తుంటే తమ్ముడు ఎదురొచ్చాడు. "అక్కా, అంబులెన్స్ కోసం ఆగకుంట జెప్పన తీస్కచ్చిన. మంచి పనే చేసిన గదా?"

వాణ్ణి దాటుకుని లోపలికి పోయి స్టూలు లాక్కున్నాను. "చిన్నాయనా, ఇగ నడుసుడు కాదే" అన్నాను. సొంతమనిషికి చెప్పేటప్పుడు ఎట్లా కూర్చోవాలో ఆ ప్రొఫెసర్ నేర్పలేదు.

"నాకెరుకే బిడ్డా" అన్నాడు. "కింద పడ్డప్పుడు కాళ్ళు మంచిగనే కదిలినయి. జారిపోయిన చెప్పు నేనే తొడుక్కున్న. బండి మీద కల్వర్టు దాటంగనే నడుము కాడ కటుక్కుమన్నది. గప్పటిసంది కాళ్ళు లేవు."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"గీ ముచ్చట మీ తమ్మునికి జెప్పకు బిడ్డా. వాడు బతకడు. చెట్టు మీదికెల్లి పడ్డప్పుడే పోయినయని జెప్పు."

వరండాలో తమ్ముడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "పడ్డప్పుడే పోయినయిరా. నువ్వు జెప్పన తెచ్చినవ్ గాబట్టి పానమన్న దక్కింది" అన్నాను. వాడు నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. చదువుకున్నదంతా ఆ ఒక్క మాటతో మంటగలిసిందనిపించింది. అయినా వాడి ముఖం చూసి ఇంకో మాట చెప్పగలిగే రాయిని కాను నేను.

మొన్న మా ఊళ్ళో ఇంకొకాయన పడ్డాడు. అంబులెన్స్ కోసం ఆగుదామని ఎవరో అంటే, "మా నాయన పానం నిలిచింది బండి మీద తేవట్టే" అని నచ్చజెప్పాడట మా తమ్ముడు. వాడే నడుపుకొచ్చాడు. క్యాజువాలిటీ గుమ్మంలో చెమటలు తుడుచుకుంటూ, "జెప్పన తెచ్చినక్కా" అన్నాడు.

ఆయన పాదాల మీద సూదితో గుచ్చి చూశాను. తర్వాత స్టూలు తెమ్మని నర్సుకు చెప్పాను.