తువ్వాల కింద చెయ్యి

గొంతులో క్యాన్సర్ అని చెప్పిన రోజు రాని కోపం, నా పళ్లు పీకించిన రోజు వచ్చింది. నేను పెబ్బేరు సంతలో పశువుల బేరాలు కుదిర్చే దళారిని. ఎద్దు నోరు తెరిచి, పళ్లు చూసి, వయసు చెప్పడం నా బతుకుతెరువు. అలాంటి నన్ను పట్నం దవాఖానలో కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరవమని, ఒక చిన్న డాక్టరమ్మ లోపల అద్దం పెట్టి చూసింది. పుచ్చినవన్నీ తీసేయాలంది. కరెంటు పెట్టాక పీకితే దవడ ఎముక మానదట. కరెంటు అంటే రేడియేషన్. వార్డులో మేమందరం అట్లాగే అనేవాళ్లం. దవడ పళ్లు రెండు ఇంకా గట్టిగా ఉన్నాయని, సంతలో అయితే వాటిని చూసే ధర కడతారని వాదించాను. ఆమె నవ్వలేదు, వదిలిపెట్టనూ లేదు.

ఇది తొంభైల మొదట్లో సంగతి. బీడీలు తాగుతావా అని పెద్ద డాక్టరు అడిగితే, తాగని దళారిని ఒక్కణ్ని చూపించమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, మెడకు రెండు వైపులా, కరెంటు పెట్టే చోట గుర్తుకు ఊదా రంగు గీతలు గీయించాడు. నీళ్లు తగలనీయొద్దన్నారు. సంతలో అమ్ముడుపోయిన గొర్రెకు వీపు మీద రంగు పూస్తారు, వేరే మందలో కలిసిపోకుండా. అద్దంలో ఆ గీతలు చూసుకున్నప్పుడు, నన్ను ఎవరు కొన్నారో, ఎప్పుడు తోలుకుపోతారో అనిపించింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. బేరం కాకముందే రంగు పూసే పద్ధతి ఏ సంతలోనూ లేదు.

సోమవారం నుంచి శుక్రవారం దాకా కరెంటు. నడుమ నడుమ సెలైన్‌లో కలిపి మందు ఎక్కించేవాళ్లు. ఆ మందు ఎక్కిన రోజున మంచినీళ్లు కూడా ఇనుము వాసన వేసేవి, కడుపులో ఏదీ నిలిచేది కాదు. కొన్ని వారాలకు నోట్లో ఉమ్మి ఎండిపోయింది. మెడ తోలు నల్లబడి పొరలు లేచింది. జొన్నరొట్టె మాట దేవుడెరుగు, అంబలి మింగాలన్నా తల పక్కకు వంచాల్సి వచ్చేది. గుక్కకొక తిట్టు తిట్టుకుంటూ మింగేవాణ్ని. ఆ తిట్లు కూడా మనసులోనే, ఎందుకంటే సంత ఈ చివరి నుంచి ఆ చివరికి వినిపించే నా గొంతు అప్పటికే పోయింది. గుసగుస ఒక్కటే మిగిలింది. పక్క మంచం ఆయన ఈ బాధ పడలేక సగంలోనే ఇంటికి వెళ్లిపోయాడు. "నడుమల ఆపితే మళ్లీ మొదటికొస్తది," అని డాక్టరు నన్ను ముందే హెచ్చరించాడు.

మా ఊరు కొత్తకోట దాటాక, సంతకు నడిచిపోయేంత దూరంలో ఉంది. శుక్రవారం కరెంటు కాగానే పట్నంలో కర్నూలు పోయే బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ని. శనివారం సంత. జబ్బుకు ముందు శుక్రవారం సాయంత్రం రైతులు మా వాకిట్లో కూర్చుని, రేపు మా కోడెను నువ్వే అమ్మిపెట్టాలని మాట తీసుకునేవాళ్లు. ఇప్పుడు మా గడప తొక్కేవాడు లేడు. నా జబ్బు అంటుకుంటుందని వాళ్ల భయం. నేను హోటల్ బెంచీ మీద కూర్చుంటే అక్కడున్నవాళ్లకు అప్పుడే ఏదో పని గుర్తొచ్చేది. పోతూ పోతూ, "మంచిగ తిను అన్నా, ఇంట్ల పండుకో," అనేవాళ్లు. పండుకోవడానికి దవాఖానలో మంచం ఉంది, ఇంటికెందుకు వస్తాను?

సంతలో బేరం ఎలా జరుగుతుందో చెప్పాలి. పశువు గొప్పలు, లోపాలు అందరి ముందూ అరిచి చెప్తాం. ధర మాత్రం నోటితో చెప్పం. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పుకుని, లోపల ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటాం. ఏ వేలు పడితే ఎంత, ఎన్ని వేళ్లు పడితే ఎంత అన్నది ఆ ఇద్దరికే తెలుస్తుంది. అంటే ఈ పనికి గొంతు సగమే కావాలి. మిగతా సగం చెయ్యి. నా చేతికి ఏ రోగమూ లేదు.

ఎవరూ పిలవకపోతేనేం, నా ఎద్దులు నాకున్నాయి. ఒక శనివారం పొద్దున తువ్వాల భుజాన వేసుకుని వాటి పలుపులు పట్టుకున్నాను. మా ఆవిడ అడ్డం వచ్చింది.

"వీటిని అమ్ముకుంటే దున్నుడు ఎట్లయ్య?"

"అమ్మేదానికి గాదు. బేరం జేసేదానికి," అన్నాను గుసగుసగా. "ఒక్కడన్న నా చెయ్యి వడితే రేపు బస్సెక్కుత. ఎవ్వడు వట్టకపోతే దవాఖానకు ఇగ పోను."

ఉత్త బెదిరింపు కాదు, నిజంగానే అన్నాను. చెయ్యి పట్టేవాడే లేని సంతకు తిరిగి రావడం కోసం ఆ అంబలి, ఆ కరెంటు ఎందుకని నా మొండితనం. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "పిచ్చి లేసింది నీకు," అని పలుపులు నా చేతిలోంచి లాక్కుని తానే ముందు నడిచింది.

ఎద్దుల దగ్గర ఆడమనిషి నిలబడడం ఆ సంతలో కొత్త. ఆమె లెక్కచేయలేదు. నా బదులు తానే అరిచింది. అరకకైనా బండికైనా ఎదురులేని జత అంది. మనుషులు చేరారు, ఎద్దుల వీపులు నిమిరారు, నేను కూర్చుని తువ్వాల పరిచి చెయ్యి చాచేసరికి నా మెడ చూసి వెనక్కి జరిగారు. ఏళ్లుగా నాతో ఒకే అగ్గిపుల్లతో బీడీ అంటించుకున్న ఒకడు తన రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, "నోటితోనే చెప్పన్నా," అన్నాడు. నాకు నోరు పోయిందని వాడికి తెలుసు.

చాచిన చెయ్యి చాచినట్టే ఉంచాను. ఎండ ఎక్కింది. మెడ మీద చెమట దిగి మంట పుట్టింది. గద్వాల దిక్కు నుంచి వచ్చిన రైతు ఒకాయన నన్ను కాసేపు చూసి, కళ్లు తుడుచుకుని, దూరం నుంచే గట్టిగా, "అన్న ఎంతంటే అంతకు తీసుకుంట," అన్నాడు. బేరం లేకుండా కొనడమంటే బిచ్చం వేయడమే. పొమ్మని చెయ్యి ఊపాను. పాపం, మంచివాడే. అయినా పొమ్మన్నాను.

"ఇంటికి పోదాం పా," అంది మా ఆవిడ. ఆమె గొంతు కూడా బొంగురుపోయింది. చాచిన నా చెయ్యి ఇక ముడుచుకుందామనే అనుకున్నాను.

అప్పుడు వచ్చాడు బిజినేపల్లి దళారి. నాకంటే పెద్దవాడు. మా ఇద్దరికీ ఏనాడూ పడేది కాదు. నా బేరాలు వాడు, వాడి బేరాలు నేను ఎన్ని చెడగొట్టుకున్నామో మాకే తెలియదు. వాడు నా వైపు చూడనే లేదు. ఎద్దుల నోళ్లు తెరిచి పళ్లు చూశాడు, తోక లేపి చూశాడు, చుట్టూ తిరిగాడు.

"వలపటిది కుంటుతది గదా," అన్నాడు కుడివైపు ఎద్దును చూపించి.

"కుంటేది నీ కండ్లు," అంది మా ఆవిడ.

వాడు వచ్చి నా ముందు కూర్చున్నాడు. తువ్వాల ఎత్తి లోపల చెయ్యి దూర్చి నా వేళ్లు పట్టాడు. గరుకు చెయ్యి, గట్టి పట్టు. వాడు అడిగిన ధరకు ముసలి బర్రె కూడా రాదు. నాకు కళ్ల నిండా నీళ్లు వచ్చాయి. సంతోషం పట్టలేకపోయాను. చచ్చేవాడినని జాలిపడి ఒక్క వేలు ఎక్కువ పట్టి ఉంటే వాణ్ని అక్కడే తన్నేవాణ్నేమో. వాడు నన్ను నిలువునా ముంచాలని చూస్తున్నాడు, ఎప్పటిలాగే.

వాడి వేళ్లు విదిలించి నా ధర పట్టాను. వాడు ఛీ అన్నాడు. మళ్లీ పట్టాడు, మళ్లీ విదిలించాను. చుట్టూ జనం మూగారు. చాలాసేపు గుంజుకున్నాం. చివరికి వాడు చెయ్యి తీసుకుని, తువ్వాల దులిపి నా ఒళ్లో పడేసి లేచాడు.

"ఈయాల నీకు మొండి వట్టింది. వచ్చే శనివారం తోలుకరా. అప్పుడు దిగొస్తవ్," అన్నాడు. జవాబు కోసం ఆగకుండా వేరే జత వైపు నడిచాడు.

బతుకుతానా అని ఎప్పుడు అడిగినా డాక్టరు చూద్దాం అనేవాడు. ఊళ్లోవాళ్లు దేవుడున్నాడు అనేవాళ్లు. వచ్చే శనివారం నేను ఉంటానని, ఉండి వాడితో కొట్లాడతానని అనుమానం లేకుండా అన్నవాడు ఆ దొంగ ఒక్కడే.

ఎద్దులను తోలుకుని ఇంటికి వచ్చాం. ఆదివారం బస్సెక్కాను. సోమవారం కరెంటు బల్ల మీద పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి తలుపు వేసుకుని అందరూ బయటికి పోయారు. మెడ కదపలేదు. దుప్పటి కింద వేళ్లు మాత్రం మడిచి చూసుకున్నాను. శనివారం వాడు ఎక్కడ మొదలుపెడతాడు, నేను ఎక్కడ ఆగాలి అని లెక్క వేసుకున్నాను. ఒక్క వేలు కూడా దిగేది లేదు.