కాక కాళ్ళ మంట

మొన్న పొద్దుగాల మా కాక పోయిండు. గోదావరిఖని క్వార్టర్ నుంచి చిన్నమ్మ ఫోన్ చేసి, "మీ కాకకు ఇగ నొప్పి లేదు బిడ్డా" అన్నది. గంతే. నాకు సమజైంది. ఏడుపాగలే.

మా నాయిన తమ్ముడాయన. బొగ్గుగని బాయిల పని. ఆడ్నే పైకప్పు కూలి నడుం ఇరిగి నరాలు తెగినంక, నడుం కింద గిచ్చినా తెల్వకపోయేది. కానీ కాళ్ళు నిప్పుల పెట్టినట్టు మండుతున్నయనేటోడు. ఎవ్వలు నమ్మలే. దవాఖానల గూడ "స్పర్శే లేదు, నొప్పెట్లుంటది?" అన్నరు. సూడవచ్చిన చుట్టాలు వాకిట్ల నిలవడి నవ్వుకునేటోళ్ళు. పాడు నవ్వులు! లోపల కాకకు ఇనవడేయి. గంత బాధల గూడ నేను పోంగనే, "ఛాయ్ తాగినవా బిడ్డా?" అని ముందుగాల గదే అడిగేటోడు.

బాయిల పని మొదలువెట్టే ముందు కర్రతోని పైకప్పు కొట్టి సప్పుడు ఇంటరు. బోలు సప్పుడొస్తే దాని కింద నిలవడద్దు. మంచంల వడ్డంక కాక గదే తీరుగ మోకాలు మీద కర్రతోని కొట్టుకుంట, చెవి వంచి, "లోపల ఏందో వదులైంది బిడ్డా" అనేటోడు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వకపోయేది. చిన్నమ్మ "నాటకాలు సాలు" అని తిట్టుకుంటనే తడి తువాల తెచ్చి కాళ్ళ మీద కప్పేది.

ఒకనాడు నన్ను పక్కకు కూసోవెట్టుకొని ఫోన్ల వీడియో సూపెట్టిండు. మనిషి తల తీసి ఇంకో ఒంటికి అతికిస్తరట! ఆయన కండ్లల్ల ఎన్నడు సూడని ఆశ. "ఈ పాత ఒళ్ళు పారేస్త బిడ్డా. నా తలకాయకేం రోగం?" అన్నడు. వీడియో సగానికొచ్చినంక ఒక డాక్టరమ్మ చెప్పింది: బతికున్న మనిషికి ఇంకా ఎవ్వలు చెయ్యలేదు, చేసినా తెగిన నరాలు ఊకోవు, ఎన్నటికి తగ్గని నొప్పి పట్టుకోవచ్చు, అది చావుకన్న ఘోరంగ ఉండచ్చు అని.

కాక ఫోన్ బోర్లేసిండు. మెల్లగ, "గా నొప్పి నాకెర్కే. అంటే నాది అబద్ధం గాదన్నట్టే గదా? మీ చిన్నమ్మను పిలువు, ఆమె గూడ ఇనాలె" అన్నడు.

చిన్నమ్మ వచ్చి మొత్తం ఇన్నది. తువాల మళ్ళ తడిపి కప్పింది. ఆనాటి సంది నాటకాలన్న మాట ఆమె నోట రాలే.

మొన్న పాడె లేపుతుంటె ఆమె అడ్డమొచ్చింది. తడి తువాల కాళ్ళ మీద పరిచి, అగ్గికుండ పట్టుకున్న కొడుకుతోని, "కాళ్ళ దిక్కు అంటువెట్టకు అయ్యా, మీ నాయినకు మండుతయి" అన్నది.

ఎవ్వలు నవ్వలే. పాడె పోయిన తొవ్వంత తువాల నీళ్ళు చుక్కలు చుక్కలుగ వడుకుంట పోయినయి.