పిన్ని టేపుకు ఎర్ర దారం

“కసరత్తు పట్టీ లాగుతుంటే తలుపు కొక్కెం ఊడి, పాప కుర్చీతో సహా వెనక్కి పడిపోతే?” అన్నాను.

“పడితే లేపుదాం. పుట్టినప్పట్నుంచీ దాన్ని గాజుబొమ్మలా చూస్తున్నావు కదరా!” అంది పిన్ని.

మా పిన్నికి ఒక్కటే పిచ్చి. వ్యాయామ సామాను ఏదైనా సరే, దుకాణంలోనే దానితో కుస్తీ పట్టి, ఓడించి, కొనకుండా వచ్చేస్తుంది. ముప్ఫై ఏళ్లుగా చక్రాల కుర్చీలోనే కూర్చుని బట్టలు కుడుతోంది. మెడలో టేపు వేలాడాల్సిందే. అడక్కుండా ఎవరైనా కుర్చీ తోస్తే ఆ టేపుతోనే చేతిమీద ఒక్కటి వేస్తుంది.

నేను భౌతికశాస్త్రం చదివాను. ఏడేళ్ల మా పాప కూడా చక్రాల కుర్చీ ఎక్కిన దగ్గర్నుంచి ప్రతి గడపా నాకొక లెక్క. రోజంతా చక్రాలను ముందుకు తోసే భుజాలకు వెనక్కి లాగే కసరత్తు లేకపోతే త్వరగా అరిగిపోతాయని ఫిజియోథెరపిస్టు చెప్పారు. తర్వాత మూడు నెలలూ నేను లెక్కలు వేస్తూనే ఉన్నాను.

ఆ మూడు నెలలూ ఆదివారం విడిచి ఆదివారం పిన్ని నన్ను దుకాణాలకు లాక్కెళ్లింది.

“సార్, ఆవిడకి ఏం చూపించమంటారు?” అన్నాడు ఒక దుకాణదారు.

“ఆవిడకి నోరుంది బాబూ. వాడికే లేదు. నన్నడుగు.”

అతను తడబడి పెద్ద యంత్రం చూపించాడు. “దీనికి మెత్తటి సీటు కూడా ఉందమ్మా.”

“నా సీటు నేను తెచ్చుకున్నాను. నీది పీకెయ్యి.”

అది ఊడేది కాదు. యంత్రం ఓడిపోయింది.

ఇంకో దుకాణంలో తలుపు కొక్కేనికి రబ్బరు పట్టీ తగిలించి, పిన్ని బ్రేకులు వేసి, బలంకొద్దీ లాగింది. కొక్కెం ఊడొచ్చింది. కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. నేను గావుకేక పెట్టి వెనకనుంచి పట్టుకున్నాను. పిన్ని వెలిగిపోతోంది.

“చూశావా? దీని సంగతి తేలిపోయింది!”

కొక్కెం గట్టిగా ఉంటే టేపు తీసేది. “పొడుగెక్కువ. వద్దు.”

“మీ చేతికి సరిగ్గా సరిపోయింది కదమ్మా!”

“టేపుకి సరిపోలేదు.”

టేపుకు ఒకచోట ఎర్ర దారం ముడి ఉండేది. దర్జీల గుర్తేదో అనుకున్నాను. దారిలో నా బాధ నాది. “పాపకి గౌను కుడతానని కొలతలు తీసుకున్నావు. ఏది పిన్నీ?”

“కుడతాలేరా. ఏం తొందర?”

ఏడో దుకాణంలో, మణికట్టుకు తొడుక్కునే రబ్బరు పట్టీ ఒకటి, టేపు పెట్టి కొలిస్తే, ఎర్ర దారం దగ్గర సరిగ్గా ఆగింది. కొక్కెం ఊడలేదు. పిన్ని చెమట తుడుచుకుంది.

“కట్టు బాబూ. ఇది మా మనవరాలికి.”

గౌనుకని తీసిన కొలత! ఎర్ర దారం పాప చేతి పొడవు!

“ముందే చెప్పొచ్చుగా పిన్నీ!”

“చెబితే పాపని కాగితం మీద పదిసార్లు పడేసేవాడివి. అందుకే నేనే పడి చూశాను.”

ఇంట్లో పాప బ్రేకులు వేసుకుంది. వెనకాల పరుపు పరిచాను. పాప లాగగానే నా చేతులు వాటంతటవే ముందుకెళ్లాయి. టేపు ఠపీమని తగిలింది.

“పరుపు వెయ్యి, బ్రేకు చూడు, చేతులు కట్టుకో. అడిగితేనే పట్టుకో.”

పరుపు రోజూ వేస్తున్నాను. బ్రేకులు రెండుసార్లు చూస్తున్నాను. చేతులు మాత్రం కట్టుకుంటే ఆగడం లేదు. వాటిమీదే కూర్చుంటున్నాను.